శ్రీలంకలో మార్చి 20 ఎందుకు మామూలు రోజు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మార్చి మూడో వారంలో శ్రీలంక వెళ్తున్నాం. 20న విషువత్తు కదా, పగలూ రాత్రీ సమానమయ్యే రోజు. బౌద్ధ దేశం కాబట్టి ఆ రోజు విహారాల్లో ప్రత్యేకంగా ఏమైనా చేస్తారా? జపాన్‌లో బౌద్ధులకు ఆ రోజు సెలవు కూడా ఉంటుందని చదివాను."

ముందు సూటిగా చెప్పేస్తాను. ఏమీ చేయరండి. మార్చి 20న మీరు ఏ విహారానికి వెళ్లినా మామూలు రోజున కనిపించేదే కనిపిస్తుంది. పొద్దున్నే పూలు తెచ్చే ఆడవాళ్లు, బోధివృక్షం చుట్టూ నీళ్లు పోసే భక్తులు, మధ్యాహ్నం లోపు భిక్షువులకు దానం. ఆ రోజు విషువత్తని అక్కడ ఎవరితోనైనా అంటే మర్యాదగా తలూపి ఊరుకుంటారు. కానీ అక్కడితో ఆపేస్తే నా జవాబు సగమే అవుతుంది. ఆ దేశంలో ఏడాది మొత్తంలో అతి పెద్ద పండుగ పుట్టింది విషువత్తులోనే. అది మార్చి 20న మాత్రం రాదు.

సోలార్ ప్యానెళ్లు బిగించే పని మీద పదకొండేళ్లు శ్రీలంకలోని కురునేగలలో ఉన్నాను. సూర్యుడు ఏ నెలలో ఏ వైపు నుంచి ఎంత ఎత్తున వస్తాడో లెక్క కట్టడమే నా బతుకుదెరువు. దానికి తోడు మా తాతగారు తెనాలి దగ్గర పంచాంగం గుణించేవారు. అందుకని ఈ విషయం మీద నాకు రెండు వైపుల నుంచీ ఇష్టం.

జపాన్ సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే గందరగోళమంతా అక్కడే మొదలవుతోంది. జపాన్‌లో విషువత్తు నిజంగానే బౌద్ధుల పండుగ. మార్చిలోనూ సెప్టెంబర్‌లోనూ విషువత్తు మధ్యలో వచ్చేలా ఏడు రోజులు 'హిగాన్' అని జరుపుకుంటారు. సమాధులు కడిగి పూలు పెడతారు, పెద్దల్ని తలుచుకుంటారు. హిగాన్ అంటే అవతలి ఒడ్డు. అమితాభ బుద్ధుడి లోకం పడమట ఉందని వాళ్ల నమ్మకం. విషువత్తు నాడు సూర్యుడు సరిగ్గా పడమటే అస్తమిస్తాడు కాబట్టి ఆ రోజుకి అంత అర్థం వచ్చింది. పైగా టోక్యోలో వేసవి పగటికీ చలికాలం పగటికీ దాదాపు ఐదు గంటల తేడా ఉంటుంది. ఎండైనా చలైనా హిగాన్ దాకానే అని అక్కడ సామెత. అంటే ఆ రోజుతో ఒంటికి తెలిసేంత మార్పు వస్తుందన్నమాట.

కొలంబోలో ఆ మార్పు ఏది? ఏడాదిలో అతి పెద్ద పగలు పన్నెండున్నర గంటలు, అతి చిన్న పగలు పదకొండూ ముప్పావు గంటలు. తేడా అంతా కలిపి ముప్పావు గంట. హైదరాబాద్‌లోనైనా రెండు గంటల పైచిలుకు ఉంటుంది. కొలంబోలో పుట్టి పెరిగిన మనిషికి పొద్దు పొడవు పెరుగుతోందో తరుగుతోందో కంటికి ఆనదు. ఎప్పుడు చూసినా ఆరింటికి అటూ ఇటూగా తెల్లవారుతుంది, ఆరింటికి అటూ ఇటూగా చీకటి పడుతుంది. రోజూ దాదాపు సమానంగానే ఉండే చోట, సమానమయ్యే రోజుకి ప్రత్యేకత ఎక్కడిది? (నిజానికి విషువత్తు నాడు కూడా పగలు ఐదారు నిమిషాలు ఎక్కువే ఉంటుంది. సూర్యబింబం పైఅంచు కనపడగానే పొద్దు పొడిచినట్టు లెక్క వేస్తాం. దానికి తోడు గాలిపొర వెలుతురును వంచి, ఇంకా కిందే ఉన్న సూర్యుణ్ణి కాస్త ముందే చూపిస్తుంది. ఆ రోజు కొలంబోలో పొద్దు పొడిచేది ఆరుంబావుకి, కుంకేది ఆరూ ఇరవై దాటాక.)

రెండో కారణం ఇంతకంటే లోతైనది. శ్రీలంక బౌద్ధం చంద్రుడి వెంట నడుస్తుంది. ప్రతి పౌర్ణమీ సెలవే. దాన్ని 'పోయ' అంటారు, పాళీలోని ఉపోసథ నుంచి వచ్చిన మాట. ఆ రోజు మాంసం కొట్లు, మద్యం షాపులు మూసేస్తారు. తెల్లబట్టలు కట్టుకుని పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా విహారానికి వెళ్లి అష్టశీలాలు పుచ్చుకుంటారు. ఒక్కో పౌర్ణమికీ ఒక్కో కథ ఉంది. మార్చిలో వచ్చే మెదిన్ పోయ, బుద్ధుడు జ్ఞానోదయం తర్వాత మొదటిసారి కపిలవస్తుకి వెళ్లి తండ్రిని చూసిన రోజు. సెప్టెంబర్‌లో వచ్చే బినర పోయకి భిక్షుణీ సంఘం ఏర్పడిన సంగతి చెప్పుకుంటారు. ఈ రెండూ విషువత్తులకు అటూ ఇటూగా వస్తాయి గానీ వాటితో సంబంధం ఏమీ లేదు. పుట్టుక, జ్ఞానోదయం, పరినిర్వాణం మూడూ వైశాఖ పౌర్ణమికే. సూర్యుడి రోజు అంటూ బుద్ధుడి జీవితంలో ఒక్కటీ లేదు.

చంద్రుడి మీద వాళ్లకున్న పట్టుదల ఎంతటిదో తెలియాలంటే ఒక్క సంగతి చాలు. 1966 నుంచి 1971 దాకా శ్రీలంకలో ఆదివారం సెలవు తీసేసి పోయ రోజుల్నే వారాంతం చేశారు. పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టములు. ఆఫీసులు, బళ్లు, కోర్టులు అన్నీ ఆ లెక్కనే నడిచాయి. చంద్రుడి పాదాలు సరిగ్గా ఏడేసి రోజులకు రావు కాబట్టి ఒక్కో వారం ఎనిమిది రోజులయ్యేది. బయటి దేశాలతో వ్యాపారానికి పొసగక చివరికి ఆదివారానికే తిరిగి వచ్చారు. ఒక దేశం దేశమంతా ఐదేళ్లకు పైగా చంద్రుణ్ణి చూసి ఆఫీసుకి వెళ్లిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక ఋతువులు. వసంతం మొదలయ్యే రోజు విషువత్తు అన్న మాట చల్లటి దేశాలది. బౌద్ధ గ్రంథాల్లో ఏడాదికి మూడే ఋతువులు: హేమంతం, గ్రీష్మం, వర్షం. నాలుగేసి నెలలు. అవి మారేది కూడా పౌర్ణమిని బట్టే. భిక్షువులు వానాకాలమంతా ఒకేచోట ఉండిపోయే వస్సవాసం ఆషాఢ పౌర్ణమి మర్నాడు మొదలవుతుంది. ఈ లెక్కలో విషువత్తుకి కుర్చీయే లేదు. రైతుల లెక్క చూసినా అంతే, మహా, యల అని రెండు పంటలు. మార్చి 20 వచ్చేసరికి మహా పంట కోతలు కొన్నిచోట్ల పూర్తయి, కొన్నిచోట్ల సాగుతూ ఉంటాయి. రెండు రుతుపవనాలకూ మధ్య కాలం అది. పొద్దున్న ఉక్కపోత, మధ్యాహ్నం మూడింటికి ఉరుములు, ఓ గంట కుండపోత. మా కుర్రాళ్లు కప్పు మీద నుంచి పనిముట్లు దించేది సరిగ్గా ఆ వేళకే.

అలాగని బౌద్ధం సూర్యుణ్ణి అసలు కొలవలేదనుకుంటే పొరపాటు. ఇది నాకు ఒక విహారం కప్పు మీద తెలిసింది.

కురునేగల దగ్గర ఓ ఊళ్లో విహారం ధర్మశాల (ధర్మబోధ వినే హాలు) కప్పు మీద ప్యానెళ్లు పెట్టమన్నారు. పక్కనే పెద్ద బోధివృక్షం. దాని కొమ్మ ఒక్కటి కూడా కొట్టడానికి లేదు, అక్కడ ఎవరూ ఆ మాట నోటితో కూడా అనరు. కాబట్టి చెట్టు నీడ ఏడాది పొడవునా ఎక్కడెక్కడ పడుతుందో గుర్తులు పెట్టుకుని, మిగిలిన జాగాలోనే ప్యానెళ్లు సర్దాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. మన దగ్గర ఇళ్ల మీద ప్యానెళ్లన్నీ దక్షిణం వైపు వాలుస్తాం కదా. కురునేగలలో ఏప్రిల్ రెండో వారం నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు. డిసెంబర్‌లో ఉత్తరానికి పడిన నీడ జూన్‌లో దక్షిణానికి పడుతుంది. అందుకే ఒక మీటరు ఇనుప చువ్వ నిలబెట్టి, సుద్దముక్కతో గీతలు గీస్తూ కూర్చున్నాను. మార్చి నెలాఖరు రోజులు. నాతో పనిచేసే మల్లి (తమ్ముణ్ణి అలా పిలుస్తారు) గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

కింద నుంచి పెద్ద హాముదురువో చూశారు. భిక్షువుని గౌరవంగా పిలిచే మాట అది. డెబ్బై దాటిన మనిషి. మెట్లెక్కి మెల్లగా పైకొచ్చి, గీతల వైపు కాసేపు చూసి, "నీడ కొలుస్తున్నావా పుతా? మా లెక్క కూడా నీడతోనే మొదలవుతుంది" అన్నారు. పుతా అంటే నాయనా అన్నట్టు. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం ప్రకారం భిక్షువుకి ఉపసంపద (సంఘంలో పూర్తి భిక్షువుగా చేర్చుకోవడం) ఇవ్వగానే చేయాల్సిన మొదటి పని నీడ కొలవడం. 'ఛాయా మేతబ్బా' అని పాళీ మాట. ఆ క్షణంలో నీడ ఎంతుందో కొలిచి, ఏ ఋతువో చెప్పి, పొద్దులో ఎన్నో భాగమో చెప్పాలి. ఎందుకంటే సంఘంలో ఎవరు ఎవరికి నమస్కరించాలో, ఎవరు ముందు కూర్చోవాలో తేలేది ఎవరు ముందు ఉపసంపద పొందారన్న దాన్ని బట్టి. వయసు, కులం, చదువు లెక్కలోకి రావు. ఒకే రోజు ఇద్దరు చేరితే వాళ్ల తేడా నీడ చెబుతుంది. "ఇప్పుడు గడియారం చూసి రాసుకుంటున్నాం. పన్నెండు దాటితే అన్నం ముట్టకూడదన్న నియమం మాత్రం ఇంకా సూర్యుడిదే" అంటూ ఆ చువ్వ మొదట్లో కురచగా పడ్డ నీడను చూపుడువేలితో చూపించారు. పదకొండున్నర కావస్తోంది. కింద దానం సిద్ధంగా ఉందని ఎవరో పిలిస్తే దిగి వెళ్లిపోయారు.

ఆ పూట నాకు మా తాతగారి 'పలభ' గుర్తొచ్చింది. పంచాంగం గుణించేవాళ్లకు ఈ మాట తెలుసు. విషువత్తు నాటి మధ్యాహ్నం, పన్నెండు అంగుళాల శంకువు (నిలువుగా పాతిన పుల్ల) నీడ ఎంత పడుతుందో అదే ఆ ఊరి పలభ. దాన్నే విషువచ్ఛాయ అని కూడా అంటారు. లగ్నాలు కట్టాలన్నా, సూర్యోదయం లెక్క వేయాలన్నా ఊరి పలభ కావాలి. తెనాలికి మూడున్నర అంగుళాలు. కురునేగలకి నేను లెక్క వేస్తే ఒకటిన్నర కంటే కొంచెం ఎక్కువ వచ్చింది. అంటే మన పాత లెక్కల్లో విషువత్తుకి పూజ లేదు, నైవేద్యం లేదు. అది ఊరిని కొలిచే కొలబద్ద. ఆ పని అది ఇప్పటికీ చేస్తూనే ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. విషువత్తు పండుగ శ్రీలంకలో ఎక్కడుంది? ఏప్రిల్ 13, 14 తేదీల్లో ఉంది. అలుత్ అవురుదు, కొత్త ఏడాది. సూర్యుడు మీనరాశి దాటి మేషంలోకి వచ్చే ఘడియ. సింహళ బౌద్ధులూ తమిళ హిందువులూ కలిసి చేసుకునే పండుగ.

మేష సంక్రమణానికీ విషువత్తుకీ ఏం సంబంధం అంటారా? ఒకప్పుడు రెండూ ఒకే రోజు వచ్చేవి. మన జ్యోతిష గణితపు సిద్ధాంత గ్రంథాలు స్థిరపడిన కాలంలో, అంటే ఇప్పటికి సుమారు 1500 నుంచి 1700 ఏళ్ల కింద, సూర్యుడు మేషంలో అడుగుపెట్టేది విషువత్తుకి దగ్గర దగ్గరే. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల విషువత్తు బిందువు నక్షత్రాల మధ్య 72 ఏళ్లకి ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతుంది. మన పంచాంగాల్లో అయనాంశ అని రాసేది ఈ దూరాన్నే, ఇప్పుడది 24 డిగ్రీల పైన. మనం రాశుల్ని నక్షత్రాలకు కట్టేసి ఉంచాం కాబట్టి సంక్రమణం ఏప్రిల్ 14 దాకా వచ్చింది, విషువత్తు మార్చి 20 దగ్గరే ఉండిపోయింది. మన మకర సంక్రాంతి కథ కూడా ఇదే. ఉత్తరాయణం నిజంగా మొదలయ్యేది డిసెంబర్ 21, 22ల్లో. మనం పుణ్యకాలం చేసేది జనవరి 14న. అక్కడా తేడా దాదాపు అంతే, ఇరవై మూడు, ఇరవై నాలుగు రోజులు.

పేర్లలో మాత్రం పాత సంగతి చెక్కుచెదరలేదు. కేరళలో ఏప్రిల్ నడుమ వచ్చే పండుగ పేరు విషు. ఒడిశాలో అదే రోజు మహా విషువ సంక్రాంతి, ఇచ్ఛాపురం వైపు వాళ్లకు బాగా తెలుసు. థాయ్ భాషలో ఖగోళ శాస్త్రవేత్తలు మార్చి విషువత్తుని 'వసంత విసువత్' అంటారు, మన సంస్కృత మాటే. కానీ థాయ్ జనం నీళ్లు చల్లుకుంటూ కొత్త ఏడాది చేసుకునేది ఏప్రిల్ 13న, సోంక్రాన్ అని. అది మన సంక్రాంతి మాటే. కంబోడియా, లావోస్, మయన్మార్ అన్నిటికీ ఏప్రిల్ నడుమే కొత్త ఏడాది. శ్రీలంకలాగే థేరవాదం అనే బౌద్ధ శాఖను పాటించే ఈ దేశాలన్నీ విహారంలో చంద్రుణ్ణి నమ్ముకుని, కొత్త ఏడాదికి మాత్రం సూర్యుణ్ణి అట్టిపెట్టుకున్నాయి. నాకు ఈ ఏర్పాటు ఎంతో నచ్చుతుంది.

అవురుదులో అన్నిటికంటే అబ్బురపరిచేది 'నొనగతే'. నెకత్ అంటే మన నక్షత్రం మాట నుంచే వచ్చింది, మంచి ముహూర్తం అని అర్థం. ఏ ముహూర్తమూ లేని కాలం నొనగతే. పాత ఏడాది అయిపోయింది, కొత్తది పూర్తిగా రాలేదు, ఆ సంధికాలం. అది ప్రతి ఏడూ సరిగ్గా 12 గంటల 48 నిమిషాలు. ఈ అంకె ఎక్కడిదా అని మొదట్లో నేను చాలా కాలం తల బద్దలు కొట్టుకున్నాను. లెక్క వేసి చూస్తే సూర్యబింబం వెడల్పు ఆకాశంలో దాదాపు 32 కళలు, అంటే డిగ్రీలో సగం కంటే కాస్త ఎక్కువ. సూర్యుడు రోజుకి సుమారు ఒక డిగ్రీ జరుగుతాడు. ఆ లెక్కన బింబం మొదటి అంచు మేషం గీతని తాకినప్పటి నుంచి చివరి అంచు దాటేదాకా పట్టే సమయం అదే, 12 గంటల 48 నిమిషాలు! 2024లో కొత్త ఏడాది ఘడియ ఏప్రిల్ 13 రాత్రి 9 గంటల 5 నిమిషాలకు వచ్చింది. నొనగతే ఆ మధ్యాహ్నం 2:41కి మొదలై తెల్లవారుజామున 3:29కి ముగిసింది. ఘడియకి ముందు 6 గంటల 24 నిమిషాలు, తర్వాత మరో 6 గంటల 24 నిమిషాలు. గీత మీదున్న సూర్యుడి కోసం ఒక దేశమంతా పొయ్యి ఆర్పేసి కూర్చుంటుంది.

నిజంగా ఆర్పేస్తారండి. మా పక్కింటి ఆచ్చి (నాయనమ్మని అలా అంటారు) దగ్గర చూశాను. నొనగతే మొదలవక ముందే అందరూ తిని, గిన్నెలు కడిగి బోర్లించేశారు. పొయ్యిలో బూడిదంతా ఎత్తి, పేడనీళ్లతో అలికి, మూడు రాళ్ల మీద కొత్త మట్టికుండ పెట్టి వదిలేసింది. ఇంక ఎవరూ పని చేయరు, వండరు, తినరు. విహారానికి వెళ్లొస్తారు, పిల్లలు ఉయ్యాల ఊగుతారు. అందుకే దీనికి పుణ్యకాలం అన్న పేరు కూడా ఉంది. కొత్త ఏడాది ఘడియ దాటాక, పొయ్యి వెలిగించే ముహూర్తం టీవీలో చెబుతారు. అది ఏ దిక్కుకి తిరిగి వెలిగించాలో, ఏ రంగు బట్ట కట్టుకోవాలో 'లిత'లో ఉంటుంది. లిత అంటే వాళ్ల పంచాంగం. మన సంక్రాంతి పురుషుడికి ఏ వాహనం, ఏ బట్ట అని సిద్ధాంతులు చదువుతారు చూడండి, అదే బాణీ. ఆచ్చి ఎర్రంచు తెల్లచీర కట్టుకుని, ఆ దిక్కుకి తిరిగి, కొబ్బరి మట్ట అంటించింది. కుండలో పాలు. ఇంట్లోవాళ్లంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పాలు పొంగి అంచు దాటి, రాళ్ల మీద పడి చుయ్యిమన్నాయి. అదే క్షణంలో ఊరు ఊరంతా టపాసులు. ఆ కుండ పొంగిన నిమిషంలోనే దేశంలో లక్షల కుండలు పొంగుతున్నాయన్నది నాకు ఆ వంటింట్లో నిలబడ్డాకే తట్టింది.

తర్వాత కిరిబత్ (కొబ్బరిపాల అన్నం), కేవుం, కోకిస్, అతిరస అనే పిండివంటలు. ఆ అతిరస కొరికి చూస్తే మన అరిసే. ఆచ్చి నా చేతిలో తమలపాకులో చుట్టిన నాణెం పెట్టింది, గనుదెను అంటారు, ఇచ్చిపుచ్చుకోవడం. నేనూ ఒకటి ఇచ్చాను. ఆ నాణెం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మొదటి ఏడు మాత్రం నావల్ల ఒక తప్పు జరిగింది. ఏప్రిల్ 14న ఒక ఫ్యాక్టరీ కప్పు మీద పని పెట్టేశాను. నొనగతేలో నిచ్చెన ఎక్కమని అడగడమంటే ఎంత తప్పో అప్పటికి నాకు తెలియదు. కుర్రాళ్లు ఒక్క మాట అనలేదు, ఒక్కళ్లూ రాలేదు. తర్వాత మల్లి ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. వాళ్లమ్మ కేవుం పెట్టి, "వచ్చే ఏడు ముందు లిత కొనుక్కో" అంది. ఆ తర్వాత ప్రతి ఏడూ కొన్నాను.

ఇంకో సంగతి. అవురుదుకి ముందు పది రోజులూ సూర్యుడు శ్రీలంక నడినెత్తి మీదుగా వెళ్తాడు. ఏప్రిల్ 5 ప్రాంతంలో దక్షిణపు కొసన మొదలుపెట్టి, రోజుకి ఒక వరస ఊళ్లు దాటుతూ, 14, 15 తేదీలకు జాఫ్నా చేరతాడు. ఫలానా రోజు మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో ఫలానా ఊళ్లకు సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడని వాతావరణ శాఖ రోజూ ప్రకటిస్తుంది, రేడియోలో చదువుతారు. మార్చి 20 గురించి ఎవరూ మాట్లాడని దేశంలో ఈ వార్తను మాత్రం టీ కొట్టు దగ్గర కూడా చర్చించుకుంటారు. కారణం తేలికే, ఇది ఒంటికి తెలుస్తుంది. ఆ విహారం పని చివరి రోజుల్లో, ఏప్రిల్ 9న, అదే చువ్వ నిలబెట్టి చూశాం. నీడ కురచై కురచై చువ్వ మొదట్లోకి వెళ్లి మాయమైంది. మల్లి తన చెయ్యి చాపి, కింద నీడ అరచెయ్యంతే ఉండటం చూసి నవ్వాడు. (మన హైదరాబాద్‌కి ఇదే మే 9 ప్రాంతంలోనూ మళ్లీ ఆగస్టు మొదటి వారంలోనూ వస్తుంది.) కొత్త ఏడాది రాజకుమారుడు తెల్లగుర్రాల బండి మీద దేశంలోకి వస్తాడని సింహళ పిల్లలకు కథ చెబుతారు. సూర్యుడు దక్షిణం నుంచి ఉత్తరానికి దేశం మీదుగా నడిచి వెళ్లే ఆ పది రోజులు చూశాక, ఆ కథ ఎక్కడి నుంచి పుట్టి ఉంటుందో నాకు అనుమానం లేదు. ఇది నా ఊహే, పండితులు ఒప్పుకుంటారో లేదో గానీ నేను నమ్ముతాను.

కంబోడియా గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి రెండు మాటలు. విషువత్తు రోజుల్లో అంగ్‌కోర్ వాట్ పడమటి దారిలో నిలబడితే సూర్యుడు నడిమి గోపురం కొస మీద ఉదయిస్తాడు. ఆ దృశ్యం కోసం తెల్లవారుజాము నుంచే జనం గుమిగూడతారు. అది 12వ శతాబ్దిలో రెండో సూర్యవర్మ విష్ణువుకి కట్టించిన గుడి, బౌద్ధ క్షేత్రమైంది తర్వాత. కాబట్టి ఆ సూర్యోదయాన్ని బౌద్ధ ఆచారం అనుకోవద్దు. థాయ్‌లాండ్‌లోని ఫనోమ్ రుంగ్ గుడిలో 15 వాకిళ్ల గుండా ఉదయపు ఎండ దూసుకెళ్లేది ఏప్రిల్ మొదటి వారంలోనూ సెప్టెంబర్ రెండో వారంలోనూ. ఆ గుడి తూర్పు నుంచి కాస్త ఉత్తరానికి తిరిగి ఉంటుంది, అందుకే విషువత్తుకి కుదరదు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టేసి విషువత్తు గుళ్లు అని రాసేవాళ్లు దయచేసి తేదీలు చూసుకోవాలి.

మీ ప్రయాణం సంగతి. తేదీలు మార్చుకునే వీలుంటే పౌర్ణమి కలిసొచ్చేలా చూసుకోండి, అనురాధపురంలో పోయ రాత్రి చూసిన కళ్లు మర్చిపోవు. అవురుదు చూడాలంటే ఏప్రిల్ 13, 14లకే వెళ్లాలి. కానీ ఎవరైనా ఇంటికి పిలిచేవాళ్లుంటేనే వెళ్లండి. కొలంబో ఖాళీ అయిపోతుంది, షాపులు ఉండవు, బస్సులు దొరకవు, హోటల్లో కూర్చుంటే ఏమీ కనపడదు. తెలిసినవాళ్ల ఇంటికి వెళ్తే తమలపాకులు తీసుకెళ్లడం మర్చిపోవద్దు.

మార్చి 20కే వెళ్లక తప్పదంటే, బుద్ధుడి పాదముద్ర ఉందని నమ్మే శ్రీపాద కొండ ఎక్కండి. డిసెంబర్ పౌర్ణమి నుంచి వైశాఖ పౌర్ణమి దాకా యాత్ర కాలం కాబట్టి దారి పొడవునా దీపాలు ఉంటాయి. రాత్రి ఎక్కి తెల్లవారేసరికి పైకి చేరతారు. సూర్యుడు పైకొచ్చేటప్పుడు కాస్త ఊగినట్టు కనిపిస్తాడు. బుద్ధుడి పాదానికి సూర్యుడు మొక్కుతున్నాడని యాత్రికులు 'సాధు, సాధు' అంటారు. దాన్ని 'ఇర సేవయ' అంటారు, సూర్యుడి సేవ. వెంటనే వెనక్కి తిరిగి చూడండి, కొండ నీడ మబ్బుల మీద నిక్కమైన త్రికోణంలా పడి ఉంటుంది. విషువత్తు నాడైతే ఆ నీడ కొస సరిగ్గా పడమటికి చూపిస్తుంది.

కొండ ఎక్కే ఓపిక లేకపోతే, ఆ రోజు మధ్యాహ్నం కొలంబోలో ఎక్కడైనా చదునైన చోట ఒక మీటరు కర్ర నిట్టనిలువుగా పెట్టండి. 12 గంటల 18 నిమిషాలకు నీడ ఉత్తరానికి 12 సెంటీమీటర్లు పడాలి. తెనాలిలో అదే రోజు అదే కర్ర నీడ 29 సెంటీమీటర్లు ఉంటుంది.